బొట్టు చెరిగిన సామాను

తీర విపత్తు సహాయ సంస్థ గొడౌన్లలో లేని వస్తువు లేదు, అవసరానికి దొరికిన వస్తువూ లేదు. ఒక సెక్షన్‌లో నీళ్ల పంపులు మూలపడి తుప్పు పడుతుంటే, గోడ అవతలి సెక్షన్ వాళ్లు ఒక్క పంపు కోసం ఏళ్ల తరబడి ఫైలు నడిపేవాళ్లు. పోనీ అడిగితే ఇస్తారా అంటే ఇవ్వరు. ఇచ్చేస్తే వచ్చే ఏడు తమకి రాదని భయం. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుండేది వ్యవహారం.

భ్రమరాంబ ఆ సంస్థలో రసాయన శాస్త్రవేత్త. కాకినాడ కార్యాలయం వెనక రెండు గదుల ల్యాబు ఆమెది. వరద నీళ్లు తాగడానికి పనికొస్తాయో లేదో పరీక్షించి చెప్పడం ఆమె ఉద్యోగం. ఒక ఏడాది గోదావరి వరదలో ఒక లంకలో తల్లీ తండ్రీ ముగ్గురు పిల్లలూ ఇంటి కప్పెక్కి, పడవ కోసం చూసి చూసి, చివరికి కప్పుతో సహా కొట్టుకుపోయారు. ఆ పూట సంస్థ శిక్షణ విభాగం షెడ్డులో రెండు మోటారు పడవలు టార్పాలిన్లు కప్పుకుని ఉన్నాయి. షెడ్డు ఆ లంకకి ఎంతో దూరం లేదు. నీళ్ల నమూనాల కోసం వెళ్లిన భ్రమరాంబ ఆ పడవల్ని కళ్లారా చూసింది. టార్పాలిన్ కింద పిల్లి పిల్లల్ని పెట్టింది. పడవలెందుకు పంపలేదని అడిగితే అక్కడి అధికారి, "అవి ఎదురుచూసే సామాను మేడమ్. శిక్షణ మొదలవగానే కావాలి కదా," అన్నాడు. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంటలోంచే బొట్టు పుట్టింది.

బొట్టంటే బొట్టంతే. చిటికెన వేలితో తీసి వస్తువు పట్టుకునేచోట అద్దే పూత. మనిషి చెయ్యి తగిలితే ఆ వేడికీ తడికీ ఎర్రబడుతుంది. చెయ్యి తగలకపోతే రోజురోజుకీ వెలిసిపోయి, మూడు నెలలకి సున్నంలా తెల్లబడుతుంది. మొదట ఇంట్లోనే ప్రయత్నించింది. మొగుడి కాఫీ గ్లాసుకీ, గొడుగు పిడికీ, గడ్డం గీసుకునే పెట్టెకీ పెట్టింది. తరవాత డైరెక్టర్ త్రివిక్రమరావు గారి గదిలో, ఆయన ఊరెళ్లినప్పుడు, కనిపించిన ప్రతిదానికీ పెట్టేసింది. మూడు నెలలు పోయాక ఆయన్ని గది మధ్యలో నిలబెట్టి చూపించింది. కాలింగ్ బెల్లూ మంచినీళ్ల గ్లాసూ ఎర్రగా ఉన్నాయి. బీరువాలూ ఫ్యాక్స్ మిషనూ గోడవారగా పేర్చిన పుస్తకాలూ అన్నీ తెలుపు.

త్రివిక్రమరావు గారు పెద్దగా నవ్వారు. "నా గదిలోనే ఇంత చెత్త ఉంటే ఇంక గొడౌన్ల సంగతేంటమ్మా!" అన్నారు.

ఆ నెలలోనే ఉత్తర్వు వచ్చింది. సంస్థ సామాను మొత్తానికీ బొట్టు పెట్టాలి. దేని బొట్టు తెల్లబడితే దాన్ని కావలసిన సెక్షన్ వాళ్లు వచ్చి పట్టుకుపోవచ్చు. ఫైలు లేదు, సంతకం లేదు.

ఇంక చూడండి ఆ ఏడాది వైభోగం! పదేళ్లుగా కదలని జనరేటర్లు కదిలాయి. డేరాలు బయటికొచ్చాయి. ఆ రెండు పడవలూ లంకకే వెళ్లాయి. మరుసటి వరదలో వాటిలోంచి పసిపిల్లని ఒడ్డుకి దించుతుంటే భ్రమరాంబ అక్కడే ఉంది, ఆ పిల్లని చేతుల్లోకి తీసుకుంది. తన బతుక్కి ఇది చాలనుకుంది. ఆఫీసులో అందరికీ ఈ బొట్టు మీద వేళాకోళాలు ఎక్కువయ్యాయి. ఏదైనా తెల్లబడితే చాలు, "మూడో నంబరు పంపు ముండమోసిందండోయ్," అని ఒకడు వరండాలోంచి కేకేసేవాడు. ఆ మాటకి అప్పట్లో తనూ నవ్వింది.

కానీ మనవాళ్లకి దొంగదారి చెప్పిపెట్టాలా? రెండో ఏడు వచ్చేసరికి తెల్లబొట్టన్నది కనబడకుండా పోయింది. అందరూ అన్నీ వాడుతున్నారేమోనని భ్రమరాంబ సంబరపడింది. ఒకరోజు పొద్దున్నే స్టోర్సుకి వెళ్తే గుట్టు తెలిసింది. అటెండరు వరస వెంట నడుచుకుంటూ, గుళ్లో దేవుళ్లకి దణ్ణం పెట్టుకుపోయినట్టు, ఒక్కో వస్తువునీ తాకి కళ్లకద్దుకుని పోతున్నాడు. ప్రతి సెక్షన్ వాళ్లూ ఇలా ఒక తాకుడు మనిషిని పెట్టుకున్నారు. దసరాకి ఆయుధపూజ పేరుతో అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టించి మరీ తాకించారు.

వాళ్లు తాడి తన్నితే నేను తలదన్నుతానని భ్రమరాంబ మళ్లీ ల్యాబులో కూర్చుంది. ఈసారి పూతలో గాజు పలుకుల్లాంటివి కలిపింది. పారకి మట్టిలో దిగితే ఒక అదురు, పంపుకి నీళ్లు తోడితే ఒక అదురు. ఏ వస్తువు బొట్టుకి ఆ వస్తువు పని నేర్పింది. ఆ అదురుకి చేతి చెమట తోడైతే తప్ప ఎరుపు ఊరదు. అమలాపురం వైపు ఎవరో తెలివైనవాడు ఉప్పునీళ్లు రాస్తే పాత బొట్టు ఎర్రబడుతోందని కనిపెట్టాడట. ఆ కన్నం కూడా పూడ్చేసింది.

ఒక ఆదివారం ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ, కళ్లు తుడుచుకున్న వేలు తెచ్చి, పక్కన పెట్టుకున్న పారపిడి మీది కొత్త బొట్టుకి రాసింది. బొట్టు తెల్లగానే ఉంది.

"చూశారా, ఏడ్చినా లొంగదు!" అంది మొగుడితో.

ఆమె మొగుడు గంగాధరం అదే సంస్థలో పనిచేస్తాడు. గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట, అంటే మొగ దగ్గర, ఈతగాళ్ల స్టేషన్‌కి అధికారి. వారమంతా అక్కడే, ఆదివారానికి ఇంటికొస్తాడు. మనిషి నెమ్మది. ఆ రోజు మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి కదల్లేదు.

"భ్రమరా, గ్యాస్ బండ పక్కన ఇసక బకెట్టు పెట్టావు కదా. ఎప్పుడైనా వాడావా?"

"దేవుడి దయవల్ల లేదు."

"మరింకేం, ఎవరికైనా ఇచ్చెయ్. పనిలేకుండా పడుంది."

ఆమెకి అర్థమైంది. కత్తి పక్కన పెట్టి, "మీ స్టేషన్‌లోనూ తాకుడు మనిషి ఉన్నాడా?" అంది.

"ఉన్నాడు. నేనే."

ఆమె ఇల్లెగిరిపోయేలా అరిచింది. దేశమంతా తన బొట్టుని మోసం చేస్తోందని తిట్టుకుంటుంటే, దొంగ కట్టుకున్నవాడే అయ్యాడు. గంగాధరం అరవనిచ్చాడు. అరవడం అయ్యాక నెమ్మదిగా చెప్పాడు. మొగ దగ్గర ఇసక దిబ్బ ఉంది. గాలివానలో దారి తప్పిన పడవలు దాని మీదికెక్కి ఇరుక్కుంటాయి. అప్పుడు ఒడ్డునుంచి తాడు తుపాకి పేలిస్తే, తాడు అలల మీదుగా ఎగిరి పడవలో పడుతుంది. దాన్ని పట్టుకుని మనుషులొచ్చేస్తారు. అలాంటి గాలివాన రెండు మూడేళ్లకోసారి వస్తుంది.

"మిగతా రోజులు దాని పనేంటంటే, ఉండటం. అంతే. దానికి అదురు ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

"అప్పుడప్పుడు పేల్చండి."

"తూటాలేవీ? సీలు విప్పని పెట్టెల్ని వాడనివని ఎవరో పట్టుకుపోయారు. కొత్తవి అడిగితే, మిగులు సామాన్లో వెతుక్కోమన్నారు. రెండే ఉన్నాయి. అవి పేలిస్తే తుపాకి ఎర్రగా ఉంటుంది, పనికిరాదు. పేల్చకపోతే పనికొస్తుంది, నా దగ్గరుండదు."

 ఆమెకి పడవల షెడ్డు గుర్తొచ్చింది. "ఎదురుచూసే సామాను అని ఆ శిక్షణ వాళ్లూ అన్నారండీ. మీకు మినహాయింపు ఇస్తే రేపు ప్రతివాడూ తన ఏసీ మిషను కూడా ఎదురుచూసే సామానే అంటాడు."

"అంటాడు," అని ఒప్పుకున్నాడు గంగాధరం. "పోనీ నా స్టేషన్ ఒక్కదానికీ పాత బొట్టు ఉండనీ. రోజూ తాకుతా."

"మొగుడి స్టేషన్‌కి వేరే బొట్టు పెట్టిందని నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ?"

"ఉమ్మనీ. తుడుచుకుంటే పోతుంది."

చెయ్యాలంటే ఆమె చెయ్యగలదు. బొట్టు భరిణెలు పంపేది తనే, పైవాళ్లకి తేడా కూడా తెలీదు. కానీ ఇన్నేళ్లుగా ఆమెకి మిగిలిన గర్వమల్లా ఒకటే, భ్రమరాంబ గారు ఎవరి మొహమూ చూడరని పేరు. ఆ పేరు వదులుకోలేకపోయింది. మొగకి కూడా కొత్త బొట్టు భరిణే వెళ్లింది. గంగాధరం మళ్లీ ఆ మాటెత్తలేదు. తనకి కోపం వస్తే వారానికోసారి కాకుండా రెండు వారాలకోసారి ఇంటికొచ్చేవాడు, ఈసారి అదీ చెయ్యలేదు. ప్రతి ఆదివారమూ వచ్చాడు, తన గ్లాసులో కాఫీ తాగాడు, వెళ్లాడు.

తాడు తుపాకి తెల్లబడింది. ప్రచార విభాగం వాళ్లు వచ్చి తూటాలతో సహా పట్టుకుపోయారు.

దాన్ని వాళ్లేం చేసుకున్నారో భ్రమరాంబకి తన సన్మానం నాడు తెలిసింది. సంస్థకి ఏదో పెద్ద బహుమతి వచ్చింది, దాని వెనకున్న ఆవిడని సన్మానించాలని మైదానంలో సభ పెట్టారు. ఇటు చెట్టు కొమ్మ మీంచి అటు నీళ్ల ట్యాంకు దాకా దీపాల తోరణం. అంత ఎత్తున తీగ ఎలా కట్టారా అని చూస్తే, వేదిక పక్కన తాడు తుపాకి ఉంది. తాడు ఆ కొస నుంచి ఈ కొసకి దానితోనే విసిరారు. ఊళ్లో ఎక్కడ సభ జరిగినా ఇదే పనిట. పిడి మీద బొట్టు మందారంలా ఎర్రగా ఉంది. శాలువా కప్పించుకుంటూ భ్రమరాంబ అటే చూసింది. నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా ఆమెకి ఒక మూల సంతోషమే కలిగింది. పనిలేని వస్తువుకి పని దొరికింది కదా అనుకుంది.

గంగాధరం ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో అన్నాడు. "కార్తీకం వస్తోంది. గాలివానల రోజులు. దాన్ని తిరిగి ఇప్పించు భ్రమరా. నువ్వడిగితే డైరెక్టర్ గారు కాదనరు."

"ఎర్రగా ఉందండీ. ఎర్రగా ఉన్నదాన్ని లాక్కోవడానికి వీల్లేదని రాసింది నేనే."

ఆటో ఇంటిముందు ఆగింది. ఆమె ఒళ్లో శాలువా, జ్ఞాపికా ఉన్నాయి.

కార్తీక పౌర్ణమి వెళ్లాక గాలివాన వచ్చింది. మరుసటి రోజు మధ్యాహ్నం స్టేషన్ అటెండరు ధర్మయ్య తడిసిన బట్టలతో గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో లైఫ్ జాకెట్, రెండో చేతిలో గంగాధరం చెప్పులు. చెప్పులు చూడగానే భ్రమరాంబకి తెలిసిపోయింది. గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"దిబ్బ మీద పడవ ఇరుక్కుపోయిందండమ్మా. ఏడుగురున్నారండి. కేకలు మాకినపడతానే ఉన్నాయండి," అన్నాడు ధర్మయ్య. "తుపాకి ఉంటే తాడు ఇలా పడేదండి అక్కడ. అయ్యగారు కాసేపు ఊరికే నిలబడి చూసేరండి. ఆనక నడుంకి తాడు కట్టేసుకున్నారండి. జాకెట్ ఇప్పేసి నాకిచ్చేరండి. అదుంటే అల కింద మునగనివ్వదండి, ఎత్తి ఒడ్డునే పడేత్తాదండి."

"అందారా?"

"అందేరండమ్మా. తాడు పడవకి కట్టేరండి. ఏడుగురూ దాన్ని పట్టుకుని వచ్చేసేరండి. ఆఖర్ని అయ్యగారొత్తున్నారండి. దుంగోటి కొట్టుకొచ్చి తగిలేసిందండి." ధర్మయ్య ఏడ్చేశాడు. "మా కళ్లముందేనండమ్మా."

ఆమె చెప్పుల్ని ఒళ్లోకి తీసుకుంది. ఏడుగురు, ఏడుగురు అని పదేపదే అంది. పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చేదాకా అదే అంటూ కూర్చుంది.

పదో రోజున బంధువుల్లో ఆడవాళ్లొచ్చి చెయ్యాల్సింది చేసి వెళ్లారు. అద్దంలో తన నుదురు చూసుకుంటే భ్రమరాంబకి వరండాలోంచి కేకేసినవాడి మాట గుర్తొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపంతో అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. తరవాత తెలిసింది, కోపం తన మీదేనని. తనే పంపింది ఆ భరిణె.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో సంస్థని మించినవాళ్లు లేరు. వారం తిరక్కుండా తాడు తుపాకి కొత్త తూటాల పెట్టెలతో మొగకి చేరింది. ఎదురుచూసే సామానుకి మినహాయింపు ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. త్రివిక్రమరావు గారు స్వయంగా ఇంటికొచ్చి, దానికి గంగాధరం పేరు పెట్టామని చెప్పారు. నెల తిరిగేసరికి ప్రతి సెక్షన్ వాళ్లూ తమ తమ మినహాయింపులు పంపారు. వాటిలో ఏసీ మిషన్లున్నాయి, సోఫాలున్నాయి, శిక్షణ విభాగం వాళ్లు వెనక్కి లాక్కున్న రెండు మోటారు పడవలున్నాయి. భ్రమరాంబ అన్నట్టే జరిగింది. గంగాధరం అన్నట్టూ జరిగింది. ఇద్దరి మాటా నిజమయ్యాక ఆమెకి ఇంక ల్యాబుకి వెళ్లాలనిపించలేదు. సెలవు పెట్టింది.

లైఫ్ జాకెట్ పడగ్గదిలో మేకుకి తగిలించింది. దాని భుజం పట్టీ మీద కొత్త రకం బొట్టు ఉంది. ధర్మయ్య తెచ్చినప్పుడు బాగా ఎర్రగా ఉండేది. గంగాధరం రోజూ పొద్దున్న మొగలో ఈదిన ఎరుపు అది. రోజులు గడిచేకొద్దీ గులాబీ రంగులోకి దిగింది. భ్రమరాంబ దాన్ని పట్టుకునేది, వేసుకునేది, వేసుకుని వంట చేసేది, అందులో మొహం దాచుకునేది. బొట్టు వెలుస్తూనే ఉంది. నీళ్లు మనిషిని పైకెత్తుతుంటే జాకెట్‌కి పుట్టే అదురు తప్ప దానికి ఇంకేదీ తెలీదు. నేర్పింది తనే. కన్నీళ్లకి లొంగదని పరీక్షించి నవ్వింది కూడా తనే.

సంక్రాంతి పోయి మాఘం వచ్చింది. ఒకరోజు పొద్దున్న ధర్మయ్య మళ్లీ వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. పై పంచె అంచు నలుపుతూ నిలబడ్డాడు.

"ఏంటి ధర్మయ్యా?"

"అయ్యగారి బదులు కొత్త ఆఫీసరుగారొచ్చేరండమ్మా. ఈదరపల్లి ఆయన. నిన్నట్నించి నీళ్లలోకి దిగుతున్నారండి. ఆరికి జాకెట్ లేదండి. అడిగితే, అయ్యగారింటికిచ్చిన పాతదేదో ఉంది కదా, తెల్లబడిపోయుంటాది, పట్రమ్మన్నారండి కాకినాడోళ్లు." తల ఎత్తలేదు. "నేను రానన్నానండమ్మా. మరెవరూ లేరన్నారండి."

భ్రమరాంబ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అలా నిలబడ్డానని ఆమెకి తెలియలేదు.

"అది ఇవ్వడానికి లేదు ధర్మయ్యా. అది పనిలేని సామాను కాదు. ఎదురుచూసే సామాను."

అనేశాక ఆ మాట ఎక్కడ విన్నదో గుర్తొచ్చింది. షెడ్డూ, టార్పాలినూ, పిల్లీ, దాని పిల్లలూ కళ్లముందు కదిలాయి. ఆ అధికారికి కూడా ఆ పడవలంటే ప్రాణమేమో, ఎవరు చూడొచ్చారు. అక్కడ మొగలో ఎవరో తల్లి కన్న బిడ్డ జాకెట్ లేకుండా దిగుతున్నాడు. ఆయనకీ ఇంటి దగ్గర ఎవరో ఉండే ఉంటారు.

లోపలికి వెళ్లి మేకు మీంచి జాకెట్ తీసింది. బొట్టు సున్నంలా తెల్లగా ఉంది. ఒక్కసారి గట్టిగా పొదివి పట్టుకుంది. దులిపి, మడత పెట్టి, తెచ్చి ధర్మయ్య చేతుల్లో పెట్టింది.

"భుజం పట్టీ కాస్త వదులు. బిగించుకోమని చెప్పు. ఈయనెప్పుడూ బిగించుకునేవారు కాదు," అంది.

ధర్మయ్య దాన్ని కళ్లకద్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. భ్రమరాంబ వీధి మలుపు దాకా చూసి, తలుపు గడియ పెట్టింది. వంటింట్లోకి వెళ్లి అలమరలో బోర్లించి ఉన్న కాఫీ గ్లాసుని తాకింది. తరవాత మూలనున్న గొడుగు పిడి పట్టుకుని వదిలింది. గూట్లో గడ్డం గీసుకునే పెట్టె మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది. అవి మొదటి రకం బొట్లు. తాకిన చెయ్యి ఎవరిదో, ఎందుకు తాకిందో వాటికి తెలీదు. మూడూ ఎర్రగానే ఉన్నాయి. రేపు పొద్దున్న మళ్లీ తాకాలి.